రెండోసారి ఎవరూ అడగలేదు

మా కోనసీమలో మొదటిసారి వద్దన్న మాటకి లెక్క లేదు. భోజనానికి కూర్చున్న మనిషి విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు, వడ్డించేవాళ్ళు ఆ వేళ్ళ సందుల్లోంచే కూర వేస్తారు. "చాలండి బాబూ" అంటాడాయన. "ఏవండీ, మా కూర బాగోలేదాండి" అంటారు వీళ్ళు. ఇలా రెండు మూడు సార్లు జరిగాక ఆయన చెయ్యి తీస్తాడు. నిజానికి ఆకలి మొదటినుంచీ ఉంది. కాఫీ ఇస్తామన్నా ఇంతే, బండి మీద దింపుతామన్నా ఇంతే. చర్చి కూడికలో పాట పాడమన్నా "గొంతు బాగోలేదండి" అని ఒకసారి అనాలి. అనకుండా లేచి పాడేస్తే, "దీనికెంత తొందరో" అని వెనక వరసలో అనుకుంటారు. నేను ఈ పద్ధతిలోనే పుట్టి పెరిగాను. అరవై దాటేదాకా దీన్ని మర్యాద అనే అనుకున్నాను. దేవుడి దగ్గర కూడా ఈ పద్ధతే నడుస్తుందనుకోవడం నా తెలివితక్కువ.

నేను నర్సుని. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల సర్కారు ఆసుపత్రుల్లోనే, అందులో ఎక్కువ కాలం ప్రసూతి వార్డులో. వార్డులో నాకు మొహమాటం అన్నది తెలియదు. కాన్పు గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ మొగుళ్ళని రెక్క పట్టుకుని బయటికి పంపేదాన్ని. నొప్పులకి అరిచే పిల్లల్ని కసిరేదాన్ని, ఆ చేత్తోనే నుదురు తుడిచేదాన్ని. పెద్ద డాక్టర్లు కూడా నా డ్యూటీలో గొంతు తగ్గించి మాట్లాడేవారు. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత ఉంది కదా, ఆ సామెత చెప్పుకుని మా వార్డులో నవ్వుకోని వారం లేదు. అలాంటిదాన్ని చర్చిలో అడుగు పెట్టేసరికి పిల్లినైపోయేదాన్ని. ముందు వరసలో కుర్చీ వేసినా వెనక్కి పోయి చాప మీద కూర్చునేదాన్ని. ఎవరైనా చెయ్యి పట్టి లాక్కెళ్తే అప్పుడు ముందుకు వెళ్ళేదాన్ని.

నర్సింగు చదివే రోజుల్లో రాజోలు వైపు యౌవనస్థుల కూడికలు జరిగాయి. చివరి సాయంత్రం ప్రసంగం చెప్పినాయన కొండల మీది ఊళ్ళ గురించి చెప్పాడు. కాన్పు కష్టమైతే తల్లిని డోలీ కట్టి మోసుకొస్తారని, చాలామంది దారిలోనే పోతారని చెప్పాడు. తర్వాత అందరినీ కళ్ళు మూసుకోమని, వెళ్ళడానికి ఇష్టపడేవాళ్ళని నిలబడమన్నాడు. నేను నిలబడలేదు. కానీ బస్టాండులో ఎంతమంది ఉన్నా, పేరు పెట్టి పిలిస్తే ఆ పేరు గల మనిషికి తెలుస్తుంది చూడండి, అలా తెలిసింది. ఆ పిలిచింది నన్నే. నా పక్కన కూర్చున్న పిల్ల లేచి నిలబడింది. ఆ పిల్ల తర్వాత రామచంద్రపురం సంబంధం చేసుకుని అక్కడే బట్టల కొట్టు పెట్టుకుంది, ఏ కొండా ఎక్కలేదు. నిలబడని నేను మాత్రం ఆ సాయంత్రాన్ని మోసుకుంటూ తిరిగాను.

పెళ్ళయ్యాక మా ఆయనకి చెప్పాను. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. "మంచిదే కదా. ఇద్దరం రిటైరయ్యేక వెళ్దాంలే. నువ్వు మందులిద్దువు గాని, నేను వాళ్ళ పిల్లలకి ఎక్కాలు చెప్తాను" అన్నారు. మాకు పిల్లలు కలగలేదు. ఆ మాటనే ఇద్దరం పెంచుకుంటూ వచ్చాం. ఆయన రిటైరయ్యారు. నాకింకా సర్వీసు ఉండగానే, ఒక ఉదయం స్నానానికి నీళ్ళు పెట్టమని చెప్పి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. నర్సునై ఉండి, పక్క గదిలోనే ఉండి, ఏమీ చెయ్యలేకపోయాను. దేవుడి మీద ఆ కోపం నాకు చాలాకాలం ఉంది. ఇప్పటికీ కొంచెం ఉంది.

నా రిటైర్మెంటు రోజున దండ వేసి శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత పెట్టి బీరువాలో పెట్టాక, ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. అమలాపురం శివార్లలో, చర్చి వెనక సందులో మా ఇల్లు. గ్లాసుడు బియ్యం వండితే రెండు పూటలా నేనే తినేదాన్ని. పొద్దున్న వరండాలో బీపీ మిషను పెట్టుకుని కూర్చుంటే పేటలో వాళ్ళు వచ్చేవారు. షుగరుకి ఇంజెక్షను వేయించుకునేవాళ్ళు, కట్టు మార్పించుకునేవాళ్ళు. పనవగానే "వస్తామండి నర్సమ్మగారూ" అని లేచేవారు. గేటు చప్పుడయ్యాక ఇల్లు మళ్ళీ నిశ్శబ్దం. నాకు భయం వేసేది. చావంటే కాదు. ఇలా బీపీలు చూస్తూ చూస్తూ, ఆ పిలుపుకి జవాబు చెప్పకుండానే పోతానేమోనని.

మరి వెళ్ళొచ్చు కదా, ఎవరాపారు అంటారేమో. ఎవరూ ఆపలేదు. పెన్షను వస్తోంది, మోకాళ్ళు ఇంకా నడుస్తున్నాయి, ఇంట్లో చూసుకోవాల్సిన మనిషి లేదు. నేనే ఆగాను. ఎవరైనా వచ్చి నన్ను పిలవాలి. దేవుడు పిలిచాడు సరే, మనుషులు పిలవద్దూ? పిలవని పేరంటానికి వెళ్ళినట్టు, సంచీ పట్టుకుని ఎవరి ఆసుపత్రి ముందో దిగితే ఏమనుకుంటారు? ఇంట్లో తోచక వచ్చిందనుకోరా? దీన్ని నేను తగ్గింపు, అంటే వినయం, అనుకునేదాన్ని. మా చర్చి సంఘంలో అందరూ కూడా "అమ్మగారికి చాలా తగ్గింపండి" అనేవారు. ఆ మాట వినడం నాకిష్టంగా కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే మా సంఘంలో మిషను ఆదివారం వచ్చింది. ఏటా ఆ ఒక్క ఆదివారం ఎక్కడో దూరాన పనిచేసే మిషనరీని రప్పించి ప్రసంగం చెప్పిస్తారు, ఒక సభ్యుల ఇంట్లో భోజనం పెడతారు. ఆ ఏడు భోజనం మా ఇంట్లో. వచ్చినాయన తమిళ డాక్టరు. చింతూరు అవతల కొండల్లో చిన్న మిషను ఆసుపత్రి నడుపుతున్నారు. తెలుగు అక్కడికి వచ్చాకే నేర్చుకున్నారట, పుస్తకం చదువుతున్నట్టు నిదానంగా మాట్లాడేవారు. ఆయన ప్రసంగం వింటూ నేను వెనక చాప మీద కూర్చుని చీర కొంగు నలుపుతూనే ఉన్నాను. రాజోలులో విన్నదే మళ్ళీ విన్నట్టుంది.

తెల్లారకముందు నుంచీ వండాను. కోడికూర, చందువా చేపల పులుసు, కంద బచ్చలి, మజ్జిగ పులుసు. డాక్టరుగారు, మా పాస్టరుగారు, సంఘపెద్దలు ఇద్దరు కూర్చున్నారు. డాక్టరుగారు కోడికూర చాలన్నారు. నేను మామూలుగానే ఇంకో గరిటె వేశాను. ఆయన ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసి, "అమ్మా, నేను చాలు అని చెప్పాను కదా" అన్నారు. వేసింది పారెయ్యడం ఇష్టం లేక పాపం కష్టపడి తిన్నారు. అప్పుడైనా నాకు అర్థమవ్వాల్సింది.

తింటూ తింటూ తలెత్తి అడిగారు. "అమ్మా, మీరు ప్రసూతి వార్డులో పనిచేశారని పాస్టరుగారు చెప్పారు. మా దగ్గర నర్సు లేదు. ఉన్న అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. మీరు వస్తారా?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఈ మాట కోసమే కదా ఇన్నేళ్ళు కూర్చున్నాను. నోరు మాత్రం దానికి అలవాటైన మాటే అనేసింది. "అబ్బే, నేనెక్కడండీ. నాకంత విశ్వాసం ఎక్కడిదండీ. ఈ వయసులో నా వల్ల అవదులెండి."

తర్వాత ఏం జరుగుతుందో నాకు వరసగా తెలుసు. ఆయన "అలా అనకండి" అంటారు. పాస్టరుగారు "అమ్మగారు అలాగే అంటారండి, వదలకండి" అంటారు. పెద్దలు అవునవునంటారు. నేను తల వంచుకుంటాను. మూడోసారికి "ప్రభువు చిత్తమండి" అంటాను.

ఆయన తల ఊపారు. "సరే అమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. చాలామంది వస్తామని చెప్పి రారు. కొంచెం మజ్జిగ పోస్తారా?"

మజ్జిగ పోశాను. పాస్టరుగారు చేపముల్లు తీసుకునే పనిలో తలే ఎత్తలేదు. పెద్దల్లో ఒకాయన అంబాజీపేటలో కొబ్బరి లారీలు కదలడం లేదని మొదలుపెట్టారు, ఇంకొకాయన అందుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నా జీవితం ఆ విస్తళ్ళ మధ్యలోంచి వచ్చి అలాగే వెళ్ళిపోయింది, ఎవరూ చూడలేదు.

వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళాను. కారులో కొబ్బరి బొండాలు పెట్టించాను.

"అక్కడ చలి ఎక్కువాండి?" అని అడిగాను.

"డిసెంబరులో ఉంటుందమ్మా."

"దుప్పట్లవీ తెచ్చుకోవాలాండి, అక్కడే దొరుకుతాయాండి?"

"ఎవరికమ్మా?"

"ఊరికే అడిగానండి."

ఆయన కాసేపు నా మొహం చూశారు. నేను బొండాల వైపు చూశాను. ఆయన చేతులు జోడించి కారెక్కారు.

ఆ వారమంతా ఫోను కొంగులో కట్టుకున్నంత పని చేశాను. పెరట్లోకి వెళ్ళినా చేతిలోనే, స్నానానికి వెళ్తే కిటికీలోనే. మోగినప్పుడల్లా ఎవరో ఒకరు బీపీ చూపించుకోవడానికి వస్తామని. చివరికి ఉండబట్టలేక చర్చి మెట్ల దగ్గర పాస్టరుగారిని ఆపాను.

"ఆ డాక్టరుగారు మళ్ళీ ఏవైనా అన్నారాండి?"

"లేదండమ్మగారూ. ఏవండీ?"

"ఏం లేదండి. నర్సు కావాలన్నారు కదా అని."

"ఆయ్. మీరు వద్దన్నారని కారులో కూడా చెప్పేరండి. పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టేనేమో అని బాధపడ్డారండి పాపం. నేనూ ఊరుకున్నానండి. మీకు మనసులో లేనప్పుడు మళ్ళీ మళ్ళీ అడగటం బాగోదు కదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో ముద్ద తినమని ప్రాణాలు తీసే మనుషులు, బతుకు దగ్గరికొచ్చేసరికి ఎంత మర్యాదస్తులైపోయారో. పోనీ అప్పుడైనా నోరు తెరిచి చెప్పానా? "అవునండి, బాగోదండి" అని ఇంటికొచ్చేశాను. వచ్చి, ఆ కోపమంతా అంట్ల మీద చూపించాను.

ఇంతకన్నా విచిత్రం శుక్రవారాలది. ప్రతి శుక్రవారం మా సంఘంలో ఆడవాళ్ళం ఉపవాస ప్రార్థనకి కూర్చుంటాం. పాస్టరమ్మగారు ప్రార్థన అంశాలు చెప్పి, ఒక్కో అంశం ఒక్కొక్కరికి ఇస్తారు. ఫలానా వాళ్ళమ్మాయికి సంబంధం కుదరాలి, ఫలానా ఆయన కంటి ఆపరేషను బాగా జరగాలి. ఆ ఆదివారం తర్వాత వాటితో పాటు ఇంకొకటి చేరింది. కొండల్లో మిషను ఆసుపత్రికి నర్సు దొరకాలి. అది ప్రతి వారం నాకే ఇచ్చేవారు. "ఆసుపత్రి సంగతులు మీకైతే బాగా తెలుస్తాయండి" అనేవారు పాస్టరమ్మగారు.

నేను ప్రార్థించేదాన్ని. "ప్రభువా, అక్కడి తల్లుల్ని జ్ఞాపకం చేసుకో. తగిన నర్సును నువ్వే లేపి పంపించు" అని గట్టిగా ప్రార్థించేదాన్ని. అందరూ ఆమేన్ అనేవారు. ఆ గదిలో రిటైరైన నర్సుని నేనొక్కదాన్నే. అక్కడున్న వాళ్ళు అమాయకులేం కాదు, ఎవరింట్లో ఏం వండారో వీధిలోంచి వాసన చూసి చెప్పగలరు. ఒకసారి నేను ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూశాను, ఎవరైనా నా వైపు చూస్తున్నారేమోనని. అందరి కళ్ళూ గట్టిగా మూసుకునే ఉన్నాయి. అంతమంది మధ్యలో అంత ఒంటరిగా నాకు ఇంట్లో కూడా ఎప్పుడూ అనిపించలేదు.

వానాకాలం వచ్చింది. కొత్తపేట నుంచి మా ఆడపడుచు వచ్చి నాలుగు రోజులుంది. నా పెళ్ళప్పటినుంచీ చనువు, ఆమెకి చెబితే అయినా వెళ్ళమంటుందేమో అని ఆశపడి చెప్పాను.

"నీకెందుకు వదినా ఆ అడవులు? ఊరు పొమ్మంటోంది కాడు రమ్మంటోంది అనే వయసులో. అన్నయ్య ఉంటే వేరే సంగతి. ఒక్కదానివీ అక్కడేం చేస్తావు?" అంది.

"ఇక్కడేం చేస్తున్నాను ఒక్కదాన్నీ?" అన్నాను.

ఆమె చిక్కుడుకాయలు ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నా గొంతులో ఏం వినిపించిందో గాని, వెళ్ళేటప్పుడు బస్సు ఎక్కాక కూడా కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు.

ఆమె వెళ్ళాక వారం పాటు ముసురు పట్టింది. గోదావరి లంకల్లోకి వరద వచ్చిందని మా పేటలో మగవాళ్ళు పడవల మీద సాయానికి వెళ్ళారు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, బీపీ చూపించుకోవడానికి కూడా ఎవరూ రాలేదు. మూడో రోజో నాలుగో రోజో పొయ్యి దగ్గర నిలబడి, "ఇంకొంచెం ఉప్పు వెయ్యనా అండి" అని పైకే అన్నాను. ఎవరిని అడిగానో నాకే తెలియలేదు. స్టవ్ ఆపేసి అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. మా ఆయన కోసం కాదు. అంత ఆరోగ్యంగా, అంత పని తెలిసిన చేతులతో, ఎవరికీ అక్కర్లేనట్టు కూర్చున్నందుకు ఏడ్చాను.

నీళ్ళు తీశాక వచ్చిన శుక్రవారం ప్రార్థనకి కొద్దిమందే వచ్చారు. పాస్టరమ్మగారు ఎప్పటిలాగే నా అంశం నాకిచ్చారు. మోకాళ్ళ మీద ఉండి మొదలుపెట్టాను. "ప్రభువా, తగిన నర్సును నువ్వే..." అన్నాను. అక్కడ ఆగిపోయాను. నోట్లో మాట ముందుకి కదల్లేదు. పక్కనావిడ నా వీపు నిమిరింది, పోయినాయన గుర్తొచ్చాడనుకుంది కాబోలు. నాకు నా మీదే అసహ్యం వేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. దేవుడే నన్ను అడిగాడు, అదీ ఎప్పుడో అడిగాడు. నేను వినిపించుకుని, ఇంకెవరినైనా అడగమని ఆయనకే పని చెబుతున్నాను. అది కూడా వారం వారం, ఉపవాసం ఉండి మరీ.

"ఆయ్" అన్నాను.

పెద్దవాళ్ళు పని చెబితే మా వైపు అలా అంటాం గాని, ప్రార్థనలో ఎవరూ అనరు. అందరూ కళ్ళు తెరిచారు.

"ఆయ్ అండీ. నేనే వెళ్తానండి."

"మీరాండి?" అన్నారు పాస్టరమ్మగారు. "మీకు ఇష్టం లేదన్నారు కదండీ అమ్మగారూ."

"ఇష్టం లేదని ఎవరన్నారండి? ఒక్కసారి వద్దన్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి వద్దంటే గరిటె పక్కన పెట్టేస్తారేంటండి మీరు?"

ఆవిడ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. వెనక నుంచి ఇంకొకావిడ మెల్లగా అంది, "నేనైతే ప్రతి శుక్రవారం అనుకునేదాన్నండి, ఈవిడే వెళ్ళొచ్చు కదా అని. బాగోదని నోరు మూసుకున్నానండి."

ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫోను చేశాను. వస్తానని చెప్పాను.

"చాలా సంతోషం అమ్మా. కానీ నర్సు దొరికింది. కేరళ నుంచి ఒక అమ్మాయి వచ్చి నెల దాటింది. మీ సంఘం ప్రార్థనలే కారణం. మీకు చెప్పడం మరిచిపోయాను, క్షమించండి."

"ఆయ్, మంచిదండి. దేవునికి స్తోత్రం" అని ఫోను పెట్టేశాను.

దొరికేసిన నర్సు కోసం మేము నెల పాటు కడుపు మాడ్చుకున్నామన్న మాట. అది తలుచుకుని ఇప్పుడు నవ్వొస్తుంది గాని, ఆ సాయంత్రం రాలేదు. ఇంట్లో గోడలకి వినిపించేలా దేవుడితో దెబ్బలాడాను. ఇంకొకరిని పిలిచేసుకున్నావా అన్నాను. ఇంకొక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయేది అన్నాను. మా ఆయన్ని తీసుకుపోయేటప్పుడు నన్ను అడిగావా, ఇప్పుడు అడక్కుండా ఉండటానికి అన్నాను. తలుపు దగ్గరకి ఎవరో ఇంజెక్షనుకి వచ్చి, నా కేకలు విని వెనక్కి వెళ్ళిపోయారు.

అలసిపోయి కూర్చున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. అది కోపం కన్నా ప్రమాదం. ఇప్పుడు నేను వెళ్ళక్కర్లేదు. ఆదివారం సంఘంలో నిలబడి "నేను సిద్ధపడ్డానండి, కానీ అక్కడ ఖాళీ లేదన్నారండి" అంటే చాలు. అందరూ దేవుని చిత్తం కాదేమోలెండి అంటారు. తగ్గింపుతో పాటు త్యాగం కూడా నా ఖాతాలో పడుతుంది. ఇంట్లో కూర్చోవచ్చు. అంత అందమైన సాకు నాకు జన్మలో దొరకలేదు. దాన్ని ఆ రాత్రి పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

తెల్లవారి లేచేసరికి అది నచ్చలేదు. రాజోలులో ఆ సాయంత్రం నన్ను పిలిచినప్పుడు ఫలానా చోట ఖాళీ ఉందని ఎవరూ చెప్పలేదు. రమ్మని మాత్రమే తెలిసింది. కాఫీ కూడా తాగకుండా మళ్ళీ ఫోను చేశాను.

"డాక్టరుగారూ, నర్సు పని లేకపోయినా నేను వస్తానండి."

"వచ్చి ఏం చేస్తారమ్మా?"

"మీ దగ్గర ఎవరూ చెయ్యని పని ఏదైనా ఉంటే అది చేస్తానండి."

ఆయన మాట్లాడలేదు. ఆ ఖాళీలో, "మీకు ఇబ్బందైతే వద్దులెండి" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపాను. కాన్పు గదిలో ఎన్నో కష్టాలు చూశాను గాని, ఆ ఒక్క మాట మింగడం ఇంత కష్టమని తెలియదు.

"ఒకటి ఉందమ్మా" అన్నారు చివరికి. "వాన పడితే మాకు దారి ఉండదు. అందుకని కొండ మీది గర్భిణులను ముందే కిందికి తెస్తాం, ఆసుపత్రి పక్క ఇంట్లో ఉంచుతాం. వాళ్ళు ఉండరు. ఇల్లు గుర్తొస్తుంది, వెళ్ళిపోతారు. వాళ్ళతో ఎవరైనా ఉండాలి. ఉండటమే పని. ఆ పనికి ఎవరూ రారు."

"వస్తానండి" అన్నాను. ఒక్కసారికే అన్నాను.

వెళ్ళే రోజున సంఘమంతా బస్టాండుకి వచ్చింది. ఆవకాయ, నిమ్మకాయ, పేరు తెలియని పొడులు, ఒకావిడ అయితే బండారులంక చీర. ఇన్నేళ్ళూ గేటు వేసుకుని వెళ్ళిపోయిన మనుషులేనా వీళ్ళు అనిపించింది. పాస్టరుగారు బస్సు పక్కన నిలబడి ప్రార్థన చేస్తుంటే కండక్టరు కూడా ఆగాడు. రాజమండ్రిలో బస్సు మారాక నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

వెళ్ళాను కాబట్టి ఒంటరితనం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. మొదట్లో ఇంటి దగ్గర కన్నా ఎక్కువైంది. ఆ ఇల్లు పొడుగాటి వరండా, వెనక రెండు గదులు. ఆ ఆడవాళ్ళు కోయ మాట్లాడుకుంటారు, నాకు ముక్క రాదు. తెలుగు కొంచెం వచ్చినా నాతో మాట్లాడరు. వాళ్ళు నవ్వుకుంటుంటే నేను గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. బీపీ చూస్తానంటే చెయ్యి ఇచ్చేవారు, చూశాక తీసుకునేవారు. కేరళ అమ్మాయికి పనితోనే తీరిక లేదు. డాక్టరుగారు పొద్దున్న వచ్చి, "ఎలా ఉన్నారమ్మా" అని అడిగి వెళ్ళిపోయేవారు. ఒక్కోసారి వరండాలో కూర్చుని, నాకిక్కడ పనేమిటి అనుకునేదాన్ని. అయినా కూర్చునేదాన్ని. అదే పని కదా.

వాళ్ళలో ఒక పిల్లకి తొలి కాన్పు. నెలలు నిండాయి. ఒక మధ్యాహ్నం చూస్తే బట్టలు మూట కట్టుకుంటోంది. కేరళ అమ్మాయి వచ్చి చెప్పింది, వినలేదు. డాక్టరుగారు ఆపరేషనులో ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఉండమ్మా. ఇంక కొద్ది రోజులే. నేనున్నాను కదా" అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పాను, చేతులు పట్టుకుని చెప్పాను. చెయ్యి విడిపించుకుంది, కసురుగా కాదు, మెల్లగానే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వార్డులో అయితే రెక్క పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టేదాన్ని. ఆ కళ్ళు చూశాక నా చెయ్యి లేవలేదు. ఇల్లంటే ఏమిటో, అక్కడ లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పిల్ల మూట నెత్తిన పెట్టుకుని వరండా మెట్లు దిగి, కొండ దారి పట్టింది.

నేను లోపలికి వెళ్ళి కాన్పుకి కావలసినవి సంచీలో వేసుకున్నాను. చెప్పులు తొడుక్కుని ఆ పిల్ల వెనకే బయల్దేరాను. ముందు రోజు వాన పడి దారంతా జారుడు. ఆ పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, నడుస్తూనే ఉంది. మలుపు తిరిగాక కనిపించడం కూడా మానేసింది. మోకాళ్ళు మొండికేస్తుంటే, ఆయాసపడుతూ, చెట్ల కొమ్మలు పట్టుకుని ఎక్కాను. ఏడుపొచ్చింది, తిట్టుకున్నాను, ఆగలేదు.

పైన వాగు ఉంది. ఆ పిల్ల నీళ్ళలో దిగకుండా, మూట కింద పెట్టి, నేను వచ్చేదాకా ఒడ్డున నిలబడి ఉంది.